ఉల్లిపాయకి పెద్దక్షరాలెందుకు?

ఒకరి పేరు ఎలా రాయాలో ఎవరు చెప్పాలి? పేరున్నవాళ్ళా, రాసేవాళ్ళా?

"ఇదీ ఒక ప్రశ్నేనా? పేరున్నవాళ్ళే చెప్పాలి" అంటారు మీరు. అనటం వరకూ అందరూ అలాగే అంటారండీ! కలం చేతికొచ్చేసరికి మాత్రం రాసేవాడిదే రాజ్యం. పేరున్నవాళ్ళు మొత్తుకుంటూనే ఉంటారు, రాసేవాళ్ళు రాసేస్తూనే ఉంటారు.

టోర్ సంగతే చూడండి. ఇంగ్లీషులో మూడంటే మూడక్షరాల పేరు. మొదటి 'టి' పెద్దక్షరం, తరవాతి 'ఓ', 'ఆర్' చిన్నక్షరాలు. సీత, గీత అని మామూలు మనుషుల పేర్లు ఇంగ్లీషులో రాస్తామే, అలా. "అలాగే రాయండి మహాప్రభో, మూడూ పెద్దక్షరాలు చెయ్యకండి" అని ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతున్నారు. వాళ్ళ ప్రశ్నలు-జవాబుల్లో ప్రత్యేకంగా ఒక జవాబే రాసి పెట్టారు. అయినా సరే! పత్రికలవాళ్ళు, ఉపన్యాసాలిచ్చేవాళ్ళు, కంప్యూటర్ల గురించి భయపెడుతూ పుస్తకాలు రాసేవాళ్ళు - ఆ మూడింటినీ పెద్దక్షరాలు చేసి, పోలీసు స్టేషను బోర్డులా నిలబెట్టి గానీ ఊరుకోరు.

"ఇంతోటి దానికి ఒక వ్యాసమా?" అని పేజీ తిప్పబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. ఇందులో మీ సంగతీ, నా సంగతీ ఉంది.

ముందు అసలు ఆ టోర్ ఏమిటో చెబుతాను. కంప్యూటరు భాషలో చెప్పటం నాకు చేతకాదు. ఆర్ట్స్ చదువుకున్నదాన్ని. అయినా ఇది వంటింటి భాషలో చక్కగా ఒదిగిపోయే విషయమే.

మనం ఫోన్లోనో కంప్యూటర్లోనో ఏదైనా ఒక చోటు తెరిచి చూశామనుకోండి. అక్కడ మన చిరునామా పడుతుంది. మనకి కనెక్షన్ ఇచ్చిన కంపెనీకేమో మనం ఏ గుమ్మం తొక్కామో తెలుస్తుంది. అంటే, ఉత్తరం కవరు మీద పంపినవారి పేరూ, చేరవలసినవారి పేరూ రెండూ రాసి, ఊళ్ళో పదిమంది చేతుల మీదుగా పంపటం అన్నమాట. టోర్ ఏం చేస్తుందంటే, ఆ ఉత్తరాన్ని ఒక కవర్లో పెడుతుంది. ఆ కవర్ని ఇంకో కవర్లో, దాన్ని మూడో కవర్లో పెడుతుంది. ఒక్కో కవరుకి ఒక్కో తాళం. మొదటి మనిషి పై కవరు విప్పితే లోపల రెండో మనిషి చిరునామా మాత్రమే ఉంటుంది. ఉత్తరం ఎవరిచ్చారో అతనికి తెలుసు, ఎక్కడికి పోతోందో తెలీదు. రెండో మనిషికి ఆదీ తెలీదు, అంతమూ తెలీదు. మూడో మనిషి ఆఖరి కవరు విప్పి ఉత్తరం చేరుస్తాడు. ఎక్కడికి చేర్చాడో అతనికి తెలుసు, ఎవరు రాశారో తెలీదు. ఈ ముగ్గురూ మనుషులు కారు లెండి, ప్రపంచంలో తలో మూలా ఉన్న కంప్యూటర్లు. అలాంటివి కొన్ని వేలున్నాయి. జీతం బత్తెం లేకుండా, మంచిపని కదా అని, ఎవరెవరో నడుపుతున్నారు.

పొర మీద పొర. అందుకే ఉల్లిపాయ అన్నారు. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో డేవిడ్ గోల్డ్‌ష్లాగ్, మైకేల్ రీడ్, పాల్ సైవర్సన్ అనే ముగ్గురికి వచ్చిన ఆలోచన ఇది. 'ఆనియన్ రూటింగ్' అని పేరు పెట్టారు. ఉల్లిపాయ దారి! ఆ తరవాత రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ అనే మరో ఇద్దరు సైవర్సన్‌తో కలిసి దాన్ని కొత్తగా కట్టారు. అప్పటికే ఆ పద్ధతి మీద ఇంకొందరు కూడా పని చేస్తున్నారట. "మేం ఆనియన్ రూటింగ్ చేస్తున్నాం" అంటే "ఏ ఆనియన్ రూటింగ్?" అని అడిగేవారట. "అసలుదే, నౌకాదళం వారిదే" అని చెప్పుకోవటానికి ఆ మాటల మొదటి అక్షరాలు తీసి టోర్ అన్నారు. 2002 అక్టోబరులో అది నడవటం మొదలెట్టింది. 2006లో దాన్ని చూసుకోవటానికి లాభాపేక్ష లేని సంస్థ ఒకటి పెట్టారు.

"చూశావా! నువ్వే ఒప్పుకున్నావు. అవి మూడు మాటల మొదటి అక్షరాలే కదా! మరి పెద్దక్షరాలు రాస్తే తప్పేమిటి?" అంటారా?

చెబుతాను. అరసం అంటే ఏమిటి? అభ్యుదయ రచయితల సంఘం. 1943 నాటిది. విరసం అంటే? విప్లవ రచయితల సంఘం. 1970లో పుట్టింది. అవీ మొదటి అక్షరాలే. కానీ ఇవాళ ఎవరైనా 'అ' చుక్క 'ర' చుక్క 'సం' చుక్క అని రాస్తున్నారా? లేదే! నోరు దాన్ని మాటగా పలకటం మొదలెట్టింది, చెయ్యి చుక్కల్ని వదిలేసింది. చిత్రం ఏమిటంటే ఆ రెండు మాటలకీ నిఘంటువులో 'రసం లేనిది' అనే అర్థం ఉంది! రచయితల సంఘానికి అంతకంటే అన్యాయమైన పేరు ఇంకోటి ఉండదు. అయినా వాళ్ళు పెట్టుకున్న పేరు అది, మనం అలాగే పిలుస్తున్నాం. నిఘంటువు తీసుకెళ్ళి వాళ్ళ మీద విసిరిన పెద్దమనిషిని నేనెక్కడా చూడలేదు.

ఇంగ్లీషులో మాత్రం? రాడార్ అనే మాట ఉంది. అదీ పొడి అక్షరాలు కూర్చిందే, 1940లో పెట్టింది కూడా ఆ అమెరికా నౌకాదళం వారే. ఇప్పుడెవరు దాన్ని పెద్దక్షరాల్లో రాస్తున్నారు? లేజర్‌ని? బి.బి.సి. వాళ్ళు, గార్డియన్ పత్రిక వాళ్ళు నాటోని, నాసాని కూడా మొదటి అక్షరం ఒక్కటే పెద్దది పెట్టి రాస్తారు. ఏది మాటగా పలుకుతామో అది మాట. ఏది అక్షరం అక్షరంగా పలుకుతామో అది అక్షరాలు. బి.బి.సి. అని నేను చుక్కలు పెట్టే రాశాను గమనించారా? దాన్ని 'బిబ్‌సి' అని ఎవరూ పిలవరు గనుక. అలాగే పి.జి.పి. అని ఉత్తరాలకి తాళం వేసే సాధనం ఒకటుంది. 1991లో ఫిల్ జిమర్‌మన్ అనే ఆయన తయారుచేశాడు. 'ఫర్లేదనిపించే గోప్యత' అని దాని అర్థం. అమెరికా రేడియో కార్యక్రమం ఒకదాన్లో, ఉత్తుత్తి ఊళ్ళో ఉన్న 'ఫర్లేదనిపించే కిరాణా కొట్టు'ని చూసి ఆ పేరు పెట్టాడట! ఎంత వినయం చూడండి. ఆ వినయస్తుడి మీదే, ఆ సాధనం దేశం దాటిపోయిందని అమెరికా ప్రభుత్వం 1993 నుంచి 1996 దాకా దర్యాప్తు నడిపింది. సరే, దాన్ని అక్షరాలుగానే పలుకుతారు, కాబట్టి అక్షరాలుగానే రాయండి. టోర్‌ని అలా పలకరు. అయిపోయింది కదా తగువు!

అవదు. మా అక్కయ్య కొడుకు ఒకడున్నాడు, కంప్యూటరు ఉద్యోగం. వాడు నాతో అన్నాడు: "పిన్నీ, పెద్దక్షరమైతే ఏం, చిన్నక్షరమైతే ఏం? పని చేస్తే చాలదా? ఇదంతా చాదస్తం."

"ఒరే నాయనా, నీ పాస్‌వర్డులో ఒక్కటంటే ఒక్క పెద్దక్షరం చిన్నదిగా కొట్టి చూడు" అన్నాను. మెడ పట్టుకు గెంటేస్తుంది కదా వాడి కంప్యూటరు! యంత్రం దగ్గరికి వచ్చేసరికి పెద్దా చిన్నా ప్రాణసమానం. మనుషులు పెట్టుకున్న పేరు దగ్గరికి వచ్చేసరికి చాదస్తం! ఇదెక్కడి న్యాయం?

'అక్షరమే కదా' అనే మాట నేను చాలాసార్లు విన్నాను. మీరూ వినే ఉంటారు. బళ్ళో చేరినప్పుడు పుట్టింటి పేరు తాలూకు పొడి అక్షరం. పెళ్ళయ్యాక, ఎవరూ అడక్కుండానే, అది ఎగిరిపోయి ఇంకో పొడి అక్షరం వచ్చి కూర్చుంటుంది. సర్టిఫికెట్లో ఒకటి, రేషను కార్డులో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి. ముప్పొద్దులా అఫిడవిట్లు! ఓ పత్రికవారు నా కథకి నేను రాసి పంపిన పేరు తీసేసి, మా ఆయన ఇంటిపేరు తగిలించి అచ్చేశారు. అదేమిటండీ అని అడిగితే "ఒక్క అక్షరమే కదమ్మా" అన్నాడు ఆ సబ్ ఎడిటరు. ఒక్క అక్షరమే! నిజమే. మరి ఆ ఒక్క అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఉంచటానికి ఆయనకి అంత కష్టమేమొచ్చింది? మార్చటానికి ఓపిక ఉంది, ఉంచటానికి లేదు.

అందుకే అంటున్నాను, టోర్ వాళ్ళ గొడవ నాకు కొత్తగా అనిపించలేదు.

ఇంకో మాట. ఆ పెద్దక్షరాలు ఊరికే పెద్దక్షరాలు కావు. తెలుగులో పెద్దా చిన్నా లేవు గనుక మనకి వెంటనే తోచదు గానీ, ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాలు రాస్తే దానికో గొంతుంటుంది. అరిచినట్టుంటుంది. లేదా ఏ సైన్యం తాలూకు రహస్య సంకేతంలాగో, గూఢచారుల సంస్థలాగో ఉంటుంది. ఆ సాధనం పుట్టిందేమో నౌకాదళంలో. కానీ అక్కణ్ణించి బయటికి ఎందుకు వచ్చిందో తెలుసా? అందులోనే ఉంది అసలు అందం.

ఊరంతా మామూలుగా తిరుగుతూ, ఒక్కళ్ళే ముసుగేసుకుని వీధిలోకి వచ్చారనుకోండి. మొహం కనపడకపోయినా 'ముసుగావిడ' అని అందరూ గుర్తుపట్టేస్తారు! నౌకాదళం వాళ్ళొక్కళ్ళే దాన్ని వాడితే, ఆ దారిన వచ్చిన ప్రతి ఉత్తరం నౌకాదళానిదేనని తెలిసిపోదూ? కాబట్టి అందులో అందరూ ఉండాలి. విలేఖరులుండాలి, విద్యార్థులుండాలి, పోలీసులుండాలి, రోగం పేరు వెతుక్కునే పెద్దావిడ ఉండాలి. గుంపు ఎంత రకరకాలుగా ఉంటే అందులో ఒక్కొక్కరికీ అంత రక్షణ. అందుకని దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. అంటే అది పట్టాలెక్కిందే మామూలు మనుషులు వస్తారన్న ఆశ మీద! అలాంటిదాన్ని తీసుకెళ్ళి మళ్ళీ సైన్యం బోర్డు కడితే, మామూలు మనిషి దాని దగ్గరికి వస్తుందా? రాదు. రాకపోతే? మిగిలినవాళ్ళకి కూడా ఆ ముసుగు పలచబడుతుంది. పేరు తప్పు రాయటం వల్ల జరిగే నష్టం ఇదీ.

'డార్క్ వెబ్' అనే మాట విన్నారు కదూ? ఈ టోర్ పేరు ఎత్తితే చాలు, పత్రికల్లో వెంటనే ఆ చీకటి మాట, పక్కన నల్ల టోపీ వేసుకుని మొహం లేని మనిషి బొమ్మ! దొంగలు, మత్తుమందుల వ్యాపారులు అందులో లేరని నేననను. సిల్క్ రోడ్ అని మత్తుమందులమ్మే అంగడి ఒకటి ఆ దారినే నడిచింది. 2013లో అమెరికా పోలీసులు దాన్ని పట్టుకుని మూసేశారు. మంచిపని చేశారు. కానీ ఆ ఉల్లి దారిలోనే 2014లో ఫేస్‌బుక్ గుమ్మం తెరిచింది. 2017లో న్యూయార్క్ టైమ్స్, 2019లో బి.బి.సి. తెరిచాయి - ఏయే దేశాల్లో తమ వార్తలు చదవనివ్వరో అక్కడివాళ్ళ కోసం. బి.బి.సి. పెట్టింది చీకటి దుకాణమని అనగలమా!

టోర్ వాళ్ళకే ఈ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసొచ్చినట్టుంది. ఇలాంటి చోట్లని మొదట్లో వాళ్ళే 'దాగిన సేవలు' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. దాక్కున్నవాడంటే లోకానికి అనుమానమే కదా! తరవాత ఆ పేరు మార్చి 'ఆనియన్ సేవలు' అన్నారు. చూడండి, ఉల్లిపాయ అనగానే భయం పోయింది! ఉల్లిపాయని చూసి ఎవరు భయపడతారు? కళ్ళనీళ్ళు రావటం వేరే సంగతి. ఆ ఉల్లిపాయ వరస వాళ్ళు ఇంకోచోట కూడా కొనసాగించారు. పూర్వం టోర్‌ని నడిపించే మీటల పలక ఒకటుండేది, దాని పేరు విడేలియా. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో పండే తియ్యటి ఉల్లిపాయ పేరు అది!

ఇప్పుడు నాకు ఆడవాళ్ళతో ఒక మాట చెప్పాలనుంది. ఇంట్లో దెబ్బలు తింటూ, లాయరు చిరునామా వెతుక్కోవాలనుకునే మనిషి ఉంటుంది. చెప్పుకోలేని జబ్బు గురించి చదవాలనుకునే పిల్ల ఉంటుంది. టోర్ బ్రౌజర్ మూసేస్తే, ఏమేం చూశామో ఆ చిట్టా దాని దగ్గర మిగలదు. అదేమీ మంత్రం కాదు. ఫోన్లోనే ఎవరైనా నిఘా పెట్టి ఉంటే అది కాపాడలేదు. అందులోకి వెళ్ళి మన పేరూ ఊరూ మనమే రాసుకుంటే అసలే కాపాడలేదు. టోర్ వాడుతున్నామన్న సంగతిని కూడా కనెక్షన్ ఇచ్చినవాడు మామూలుగా కనిపెట్టగలడు. ఇవన్నీ తెలుసుకునే వాడాలి. కానీ తెలుసుకోవాలంటే ముందు దాని పేరు వినగానే గుండె జారకూడదు కదా! 'చీకటి' అని, 'రహస్య ముఠా' అని, మూడు పెద్దక్షరాలతో బెదరగొడితే, నిజంగా అవసరమున్న మనిషి గుమ్మం దగ్గరినుంచే వెనక్కి పోతుంది. దొంగ పోడు. వాడికి పేర్ల భయం లేదు.

మన భాషకీ ఇందులో కొంత పాపం ఉంది. ఇంగ్లీషు వాళ్ళ 'ప్రైవసీ'కి సరిపోయే మాట మనకి నోటి చివర లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు అది ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. పత్రికలవాళ్ళు 'గోప్యత' అన్నారు. కాగితం మీద బాగానే ఉంది. ఇంట్లో మాత్రం దాన్ని 'దాపరికం' అంటారు! ఉత్తరం తన పేర వచ్చింది తనే విప్పుకుంటానన్న కోడలికి దాపరికం. ఫోను చూపించనన్న కూతురికి దాపరికం. స్నానాల గది తలుపు వేసుకుంటే దాన్ని మాత్రం మర్యాద అంటారు. 'మరుగు' అనే మంచి మాట ఉంది మనకి. దాన్ని తీసుకెళ్ళి దొడ్డి కోసం వాడేసుకున్నాం.

సరే, టోర్ అనే మాటలోకి మళ్ళీ వద్దాం. జర్మన్ భాషలో ఆ మాటకి ద్వారం అని అర్థమట. టర్కీ భాషలో సన్నటి అల్లిక వల. ఇంగ్లీషులో రాళ్ళగుట్ట. ద్వారం, వల - రెండూ మాకు బాగానే కుదిరాయని టోర్ వాళ్ళే మురిసిపోతారు. వాళ్ళు చెప్పని సంగతొకటి నేను చెబుతాను: జర్మన్‌లోనే, ముందుండే చిన్న మాట మారిస్తే, అదే టోర్‌కి 'మూర్ఖుడు' అని కూడా అర్థం! నపుంసకలింగమైతే ద్వారం, పుంలింగమైతే మూర్ఖుడు. జర్మన్ వ్యాకరణం ఎంత అనుభవంతో రాశారో అనిపించింది నాకు.

వాళ్ళ పక్షాన ఇంత మాట్లాడినా, ఒక్క విషయంలో వాళ్ళని దెబ్బలాడక తప్పదు. మా పేరు తప్పు రాసినవాళ్ళని చూస్తే, మా దగ్గర ఏమీ చదవకుండా పత్రికలు చూసి వచ్చారని ఇట్టే తెలిసిపోతుంది అన్న అర్థంలో వాళ్ళు ఎద్దేవా చేశారు. కోడలు వేసిన ముగ్గు చూసి 'వీళ్ళమ్మ ఏం నేర్పిందో తెలుస్తూనే ఉంది' అనే అత్తగారి ధోరణి అది! పేరు సరిగా రాయమనటం న్యాయం. రాయలేనివాణ్ణి గుమ్మంలో నిలబెట్టి నవ్వటం న్యాయం కాదు. పైగా ఎవరి సాధనం? గుంపు పెరిగితేనే బతికేదాయె! పిలిచి పీట వెయ్యాల్సినవాళ్ళు పరీక్షలు పెడితే ఎలా? పత్రికలవాణ్ణి తిట్టండి, వాడికి తెలుసుకోవటం వృత్తిధర్మం. వాడి రాత చదివి వచ్చిన మామూలు మనిషిని మాత్రం ఏమీ అనకండి.

ఇక తెలుగు సంగతి. మనకి పెద్దక్షరాల బెడద లేదు గనుక మనం ఈ తప్పు చెయ్యం అనుకుంటున్నారేమో! మనకి మన తప్పులున్నాయి. ఒకటి, 'టి.ఓ.ఆర్.' అని చుక్కలు పెట్టటం. పెద్దక్షరాలకి అదే మన అనువాదం. రెండోది, 'టార్' అని రాయటం. టార్ ఏమిటండీ, రోడ్డు మీద పోసే తారులాగా! ఇంగ్లీషు డోర్‌ని మనం 'డార్' అంటున్నామా? స్టోర్‌ని 'స్టార్' అంటే మనిషి బియ్యానికి బయల్దేరి సినిమాహాలుకి చేరతాడు. డోర్, స్టోర్ ఎలాగో ఇదీ అలాగే: టోర్. ఓత్వం పెట్టండి. అసలే చీకటి, చీకటి అని ఆడిపోసుకుంటున్నారు, మనం ఇంకా తారు పుయ్యటం ఎందుకు?

ఇది అచ్చుకి వెళ్ళేముందు ప్రూఫులు చూసేవారికి ఓ మనవి. ఆ పై పేరాలో వెక్కిరించటానికి వాడినచోట తప్ప ఇంకెక్కడా ఆ పేరు మధ్య నేను చుక్కలు పెట్టలేదు, ఓత్వం తియ్యలేదు. పాఠకులకి ఎక్కడైనా కనిపిస్తే, అవి నావి కావని వాళ్ళకి ఇప్పుడే చెప్పేస్తున్నాను.